సమంగా రాని కోత

పైనుంచి చూసే కన్ను లేనంతకాలం మా గడ్డికోతకు వంక పెట్టినవాడు లేడు. పెండ్లిళ్లకు డ్రోన్ కెమెరాలు వచ్చి మా కొంప ముంచాయి.

మాది పాతబస్తీలో హుస్సేనీ ఆలం. తాతల నాటి నుంచి పాల వ్యాపారం. నా చిన్నప్పుడు బర్రెలు ఇంటి వెనక కొట్టంలోనే ఉండేవి. ఇంటికొచ్చిన చుట్టాలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే పాపం వీళ్లకు జలుబు చేసినట్టుంది అనుకునేవాణ్ణి. తరువాత గల్లీలో ఇండ్లు పెరిగాయి, పక్కవాళ్లతో లొల్లి పెరిగింది, బాపు బర్రెలను ఊరి బయట జల్‌పల్లిలో ఒక చిన్న జాగాకు తోలుకుపోయి రేకుల కొట్టం వేశాడు. మందలో ఇప్పుడు మిగిలినవి మూడే. బాపుకు డెబ్బై దాటినా తెల్లారకముందే మోపెడ్ మీద అక్కడికి చేరతాడు. నేనూ వెళ్లి పాలు పిండడంలో సాయం చేసి, స్నానం చేసి, ఉస్మాన్‌గంజ్‌లో తాళ్లు, టార్పాలిన్లు అమ్మే హోల్‌సేల్ దుకాణంలో పనికి పోతాను.

కొట్టానికి ఆనుకుని ఒక ఫంక్షన్ హాలు ఉంది. దాని ముందు ఎకరానికి కొంచెం తక్కువగా లాన్. హాలు యజమానిని అందరూ సేఠ్ అనే పిలుస్తారు. ఆయన గడ్డి నాటించిన కొత్తలోనే బాపుకూ ఆయనకూ ఒక మాట కుదిరింది. గడ్డి బాపు కోస్తాడు, కోసిన గడ్డి బర్రెలకు. పైసలు ఇటు లేవు, అటు లేవు. కాగితం లేదు, సాక్షి లేడు. బాపు కొడవలి పట్టుకుని గొంతుక్కూర్చుని, కొంచెం కొంచెం ముందుకు జరుగుతూ ఆ లాన్ అంతా కోసేవాడు. ఈ చివర ముగిసేసరికి ఆ చివర మళ్లీ పెరిగేది. ఆ గడ్డి లేకుంటే మూడు బర్రెలను కొని మేపడం మా వల్ల అయ్యే పని కాదు. దాణా ధర మండిపోతోంది, పాలు తీసుకునే ఇండ్లేమో పాకెట్లకు మళ్లాయి. లాన్ ఉన్నన్నాళ్లే బర్రెలు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనరు.

కిందటేడు చలికాలంలో సేఠ్ ఒక గడ్డి మిషన్ తెచ్చాడు. చేత్తో తోసేది కాదు, ఎక్కి కూర్చుని నడిపేది. ఊరి బయట ఏదో రిసార్టు మూతపడితే అక్కడ పాతది దొరికిందట. ఎర్ర రంగు, స్టీరింగు, మెత్తటి సీటు, వెనక గడ్డి పడటానికి పెద్ద డబ్బా.

"చాచా, ఇగ మీరు కింద కూసునుడు బంద్," అన్నాడు సేఠ్ బాపుతో. "మీ కొడుకు నడుపుతడు. గడ్డి ఎప్పటి లెక్కనే మీదే. కానీ పైనుంచి జూస్తే కార్పెట్ పరిచినట్టు ఉండాలె, బస్. ఇప్పుడు పెండ్లోళ్లు హాల్ జూడ్తలేరు, వీడియో జూస్తున్నరు."

నేను సీటెక్కి స్టార్ట్ చేశాను. బాపు నడుము మీద చేతులు పెట్టుకుని చూసి నవ్వాడు. "ఏందిరా, బర్రె మీద యముని లెక్క కూసున్నవ్!"

నవ్వితే నవ్వాడుగానీ ఆ రోజు నేను కోసిన కోత చూసి నాకే ఏడుపొచ్చింది. ఒక వరస కిందికి, పక్క వరస పైకి. లాన్ అంతా మెట్లు మెట్లుగా తయారైంది. మంగలి పని అప్పుడే నేర్చుకుంటున్నవాడికి తల అప్పగించినట్టుంది. బాపు కొడవలి తెచ్చి, ఎత్తుగా ఉన్న చోట కూర్చుని సరిచేయడం మొదలుపెట్టాడు. తిట్టినా నాకు అంత మండేది కాదు.

ముందు టైర్ల మీద పడ్డాను. ఒక టైరు మెత్తగా ఉంటే బండి ఆ పక్కకు ఒరుగుతుందనీ, కోత ఆ పక్కే లోతుగా పడుతుందనీ ఆ మాత్రం బుర్ర ఉంది. విప్పి చౌరస్తాలో పంక్చర్ భాయ్ దగ్గరకు తీసుకెళ్లాను.

"ఎంత గాలి గొట్టాలె?" అన్నాడు.

"నాకేం దెలుసు భాయ్, ఆటోకు కొట్టినంత కొట్టు," అన్నాను.

కొట్టాడు. ఒక్క దానికి కొడితే మిగతావి అలుగుతాయేమోనని నాలుగింటికీ కొట్టించుకొచ్చాను. టైర్లు రాళ్లయ్యాయి. ఆ తరువాత మిషన్ ప్రతి చిన్న గడ్డ మీదా ఎగిరి, ఎగిరిన చోటల్లా గడ్డి వదిలేసి, దిగిన చోటల్లా మట్టి గీరేది. ఎంత గాలి పట్టాలో ఆ టైరు మీదే అచ్చుపోసి ఉందని వారం తరువాత చూశాను. చదువుకున్నవాణ్ణి నేనూ చదవలేదు, రోజూ టైర్లలో బతికే భాయ్ కూడా చదవలేదు. గాలి తీయించి, ఆ పక్క ఈ పక్క సరిసమానంగా పెట్టించాక మెట్లు సగం తగ్గాయి.

మిగతా సగం మూకుడు వల్ల. బ్లేళ్లను కప్పుతూ బండి కింద వేలాడే పెద్ద రేకును నేను మూకుడు అనేవాణ్ణి, దాని అసలు పేరు నాకు తెలియదు. అది ఒక పక్కకు వాలి ఉంది. దాన్ని సరిచేయాలంటే బండి చదునైన నేల మీద ఉండాలి. హాల్లో భోజనాల గది ఉంది కదా, టైల్స్ నున్నగా ఉన్నాయి కదా అని అక్కడికి నడిపించి, బ్లేడు ఈ కొస నేలకు ఎంత ఎత్తు, ఆ కొస ఎంత ఎత్తు అని స్కేలు పెట్టి కొలిచి, నట్లు బిగించి, తృప్తిగా లాన్‌లోకి తెచ్చాను. కోత మునుపటికంటే వంకరగా వచ్చింది. రెండోసారీ అంతే. చివరికి ఆ గది కడిగే మనిషి బకెట్ నీళ్లు కుమ్మరించినప్పుడు చూశాను. నీళ్లు సగం ఇటు, సగం అటు పారాయి. నీళ్లు నిలవకుండా మేస్త్రీ నడుమ నుంచి రెండు వైపులా వాటం ఇచ్చాడు. నేను బండి ఒక చక్రాన్ని ఈ వాటం మీద, ఇంకో చక్రాన్ని ఆ వాటం మీద పెట్టి సమానం చేస్తున్నాను.

ఆ ఆవరణ మొత్తంలో నిజంగా చదునైన జాగా ఒక్కటే ఉంది. పెండ్లికొడుకు, పెండ్లికూతురు కూర్చునే స్టేజీ. చెక్కలు వేసి బండిని దాని మీదికి ఎక్కించాను. వెనక జరీ తెరలు, పక్కన మఖ్మల్ సోఫా, నడుమ ఎర్ర మిషన్, దాని కింద బోర్లా పడుకుని నేను. అప్పుడే సేఠ్ వచ్చాడు. ఒక నిమిషం చూసి, "దుల్హన్ యేది తమ్మీ?" అని వెళ్లిపోయాడు.

మూకుడు ముందు భాగం వెనక కంటే రవ్వంత కిందికి ఉంచి, అటూ ఇటూ సమానం చేశాను. ప్రతి వరసా పక్క వరస మీదికి జానెడు ఎక్కేలా నడపడం నేర్చుకున్నాను. మంచు ఆరాక కోయడం నేర్చుకున్నాను. ఉగాది వచ్చేసరికి కోత కుదిరింది. బాపు వంగి, ఒక కన్ను మూసుకుని, లాన్ మీదుగా ఆ చివరిదాకా చూశాడు. "మస్తు ఒచ్చింది బిడ్డా," అన్నాడు. ఆ మాట కోసం నేను చలికాలమంతా ఎదురుచూశానని అప్పుడు తెలిసింది. ఆ రోజు దుకాణంలో తాళ్లు కొనడానికొచ్చిన ప్రతివాడితోనూ నవ్వుతూ మాట్లాడాను.

ఎండాకాలం పెండ్లిళ్లు మొదలయ్యాయి. ఒక పెండ్లయిన మూడో రోజు సేఠ్ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి ఫోన్ చేతికిచ్చాడు. డ్రోన్ వీడియో. ఆకాశం నుంచి లాన్. ముదురు పచ్చ, లేత పచ్చ, మళ్లీ ముదురు పచ్చ, విల్లులా వంగిన పట్టీలు. ముదురు చోట గడ్డి గుబురుగా లేచి ఉంది, లేత చోట పలచగా నేలకు అంటుకుని ఉంది.

"పిల్ల తరఫోళ్లు అడిగిన్రు, గడ్డికి తామర లేచిందా అని," అన్నాడు సేఠ్. "ఏం జెప్పాలె నేను?"

ఆయన టేబుల్ మీద చేతి రుమాలంత ప్లాస్టిక్ గడ్డి ముక్క ఉంది. అమ్మేవాడు శాంపిల్ ఇచ్చిపోయాడు. చేత్తో తడిమితే చీపురు పుల్లల్లా ఉంది.

"ఇది పరుసనీకె నాక్కూడ మనసొప్పుతలేదు తమ్మీ. ఎండల దాని మీద నడిస్తే కాళ్లు కాల్తయ్. కానీ బుకింగ్‌లే పోతే నేనేం జెయ్యాలె?"

మళ్లీ టైర్లు, మళ్లీ మూకుడు, మళ్లీ స్టేజీ. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బ్లేళ్లకు సాన పట్టించాను. కోసిన రోజు లాన్ అద్దంలా ఉండేది, రెండు రోజులకు పట్టీలు లేచేవి. పెండ్లి రోజు పొద్దున్నే కోద్దామంటే కుదరదు. రెండు రోజుల ముందే డెకరేషన్ వాళ్లు కమ్మీలు పాతి, తెరలు కట్టి, లాన్ అంతా ఆక్రమిస్తారు. మిషన్ లోపలికి పోదు. ఎవరి మీద అరవాలో తెలియక మిషన్‌ను తన్నాను. కాలికి తగిలింది తప్ప దానికేం కాలేదు.

ఒకరోజు పాలు పిండటం ముగిశాక బాపు కనిపించలేదు. కొట్టం నుంచి లాన్‌లోకి ఒక చిన్న గేటు ఉంది. అటు చూశాను. బాపు కొట్టం కడిగిన పేడ నీళ్లను బకెట్లో మోసుకుపోయి, నడుము తిప్పి ఒక్క ఊపున విసిరాడు. నీళ్లు విల్లులా విచ్చుకుని గడ్డి మీద పడ్డాయి. నాలుగడుగులు జరిగి మళ్లీ విసిరాడు. ఫోన్లో చూసిన వంపే. అక్షరాలా అదే వంపు.

"ఏంది బాపూ ఇది?"

"ఏముంది? పెండ నీళ్లు." బకెట్ బోర్లించి తట్టాడు. "మొదటి దినం సంది పోస్తనే ఉన్న. గడ్డి ఊరికెనే గుంజుకపోతమా మరి? తిన్న కాడ పెట్టాలె బిడ్డా. గంత గూడ జెయ్యకుంటే మనది ముష్టి అయితది."

అప్పుడు అంతా తెలిసింది. బకెట్ ఊపు అందిన చోట గడ్డికి బలం, అందని చోట ఉపవాసం. కొడవలి రోజుల్లో ఇది బయటపడలేదు. ఎత్తుగా ఉన్న చోట బాపు చేయి దానంతటదే ఇంకాస్త కిందికి దిగేది, పలచగా ఉన్న చోట పైపైన పోయేది. ఆ చేతికి తెలిసినట్టు మిషన్‌కు తెలియదు. అది అంతటినీ ఒకే ఎత్తుకు కోస్తుంది, బలమున్న గడ్డి రెండు రోజుల్లో మళ్లీ తలెత్తుతుంది.

చెప్పాలి. నోరు తెరిచాను కూడా. ఇన్నేండ్లుగా ఆయన తలెత్తుకుని గడ్డి మోసుకుపోవడానికి ఆ బకెట్టే కారణం. నువ్విచ్చిందే చెరుపు చేస్తోంది అని ఏ నోటితో చెప్పను? చివరికి సేఠ్ మీద పెట్టాను.

"సేఠ్ వద్దంటున్నడు బాపూ. వాసనొస్తదంట."

బాపు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వాసనా? ఏం వాసన?"

నేను గాలి పీల్చి చూశాను. నాకూ ఏమీ రాలేదు.

ఈ ఏడు ఆషాఢమూ మొహర్రమూ కలిసొచ్చాయి. అటు వాళ్ల పెండ్లిళ్లు లేవు, ఇటు వీళ్ల పెండ్లిళ్లు లేవు. హాలుకు తాళం. వానలకు గడ్డి పిచ్చిపట్టినట్టు పెరిగింది. బాపు పేడ నీళ్లు మానేశాడు, కానీ ఏండ్ల తరబడి తిన్న నేల ఒక్క నెలలో మరిచిపోతుందా? పట్టీలు ఇంకా స్పష్టంగా కనిపించాయి. పలచటి చోట బాపు వంగి గడ్డిని వేళ్లతో దువ్వి, "సూసినవా, తిండి బంద్ జేస్తే గిట్లనే అయితది," అనేవాడు.

శ్రావణంలో మొదటి పెండ్లి ఖాయమైంది. సేఠ్ స్వయంగా కొట్టానికి వచ్చాడు. ఆయనకు నాపరాయి గట్టు మీద తువ్వాల పరిచాం.

"చాచా, ఈసారి వీడియో మంచిగొస్తే అసలు గడ్డే ఉంటది. నా జబాన్. లేకపోతే..." అని ఆగి, బర్రెల వైపు చూసి, "లేకపోతే నన్ను మాఫ్ చెయ్యాలె," అన్నాడు.

ఆయన పోయాక బాపు చాలాసేపు ముసలి బర్రె మెడ గోకుతూ నిలబడ్డాడు. అది సుఖంగా కళ్లు మూసుకుంది. "ఏం ఫికర్ లేదు," అన్నాడు. నాకో దానికో తెలియలేదు.

నాకొక ఉపాయం తోచింది. ముదురు పట్టీల మీద బ్లేడు కిందికి దించి, పలచటి చోట పైకి లేపి నడిపితే? రోజూ పొద్దున్నే అలా చేశాను. లీవర్ దించడం, లేపడం, దించడం. భుజం నొప్పి పుట్టింది. కానీ వారం గడిచేసరికి పట్టీలు మసకబారాయి. హాలు డాబా ఎక్కి చూస్తే గుర్తుపట్టడం కష్టం. నాకు నిజంగా ఆశ పుట్టింది. బర్రెలు ఉంటాయి, బాపు ఉన్నన్నాళ్లూ ఉంటాయి అనుకున్నాను.

పెండ్లికి ముందు ఆఖరి కోత రోజు, మిషన్ వెనక చక్రం ఒక చోట జారింది. దిగి చూశాను. గడ్డి వేళ్ల దగ్గర చిక్కటి పచ్చి పేడ. పక్కన నిన్నటిదాకా బాగున్న చోట గడ్డి పసుపు పచ్చగా మాడిపోయి ఉంది. ఆ పక్కన మళ్లీ. పలచటి చోటు ఎక్కడుంటే అక్కడ.

"బాపూ!"

గేటు దగ్గర నుంచి తాపీగా వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"సన్నగున్న కాడ జర ఎక్కువ పెట్టిన. నీళ్లు గాదు, నిఖార్సైన పెండ. నువ్వు దుకాన్ పోయినంక రోజు మధ్యాహ్నం ఇదే పని. సేఠ్‌కేం దెలుసు గడ్డి సంగతి? నువ్వు మిషన్ తోని ఎంత సేపని తిప్పలు వడ్తవ్, నేను గూడ ఓ చెయ్యి ఎయ్యొద్దా?"

పచ్చి పేడ అంత మందాన పడితే గడ్డి మాడుతుంది. నాకు తెలిసిన ఆ సంగతి ఆయనకు తెలియదని కాదు. తొందరలో ఉన్నవాడికి తెలిసింది కూడా గుర్తుండదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అదే అయింది. వారం రోజులుగా పొద్దున్నే ఆ గడ్డి మీద తిరిగాను, ఒక్కసారీ నా ముక్కుకు అనుమానం రాలేదు. పేడలో పుట్టి పెరిగిన ముక్కు మాది.

నీళ్లు కొట్టి కడిగాను. మాడిన చోట ఎర్రమట్టి చల్లుదామా, కుండీలు పెడదామా అని పరుగులు తీశాను. అంతలో డెకరేషన్ వాళ్ల లారీ గేట్లోకి వచ్చేసింది. కమ్మీలు దించుతుంటే చూస్తూ నిలబడ్డాను.

పెండ్లి రోజు దుకాణానికి సెలవు పెట్టాను. ఎండ బాగా కాసింది. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు కొంగులు ముక్కుకు పెట్టుకున్నారు. కాసేపటికి కుర్చీలు ఒక్కొక్కటీ హాలు లోపలికి జరగడం మొదలైంది. జలుబు కాదని ఈసారి నాకు తెలుసు. డ్రోన్ గుయ్యిమంటూ లేచింది. కొట్టం గేటు దగ్గర నిలబడ్డ బాపు కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని దాన్ని చూశాడు.

"మన గడ్డిని గూడ తీస్తున్నదా బిడ్డా?"

"తీస్తున్నది బాపూ."

ఆయన ఉతికిన చొక్కా వేసుకొచ్చాడని అప్పుడు గమనించాను.

సేఠ్ కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. వీడియో చూపించకుండానే, "ఎవరు పోసిన్రు?" అని ఒక్క మాట అడిగాడు. నేను తలొంచుకున్నాను. ఆయన కొట్టం వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు బాపు చేతులు రెండూ పట్టుకుని, "చాచా, మాఫ్ కర్నా, నావల్ల అయితలేదు," అని చెప్పి పోయాడు. మంచివాడి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

బర్రెలకు బేరం కుదిరింది. వచ్చే వారం తోలుకుపోతారు.

ప్లాస్టిక్ పరిచేవాళ్లు ముందు గడ్డిని నేలమట్టం చేసి పెట్టమన్నారు. సేఠ్ నన్నే చేయమన్నాడు. బ్లేడును అన్నిటికంటే కిందికి దించి లాన్ అంతా తిప్పాను. గుబురుదీ, పలచటిదీ, మాడినదీ అన్నీ ఒక్కటయ్యాయి. ఆ కొస నుంచి ఈ కొసకు ఎక్కడా వెంట్రుకంత తేడా లేదు. బాపు వెనకాలే నడుస్తూ, డబ్బా నిండిన ప్రతిసారీ ఒక్క పరక కింద పడకుండా గోనె సంచుల్లో నింపాడు. మాడిన గడ్డిని వేరుగా ఏరి పారేశాడు.

ఆఖరి సంచి మూతి కడుతూ, తలెత్తకుండా అడిగాడు.

"ఒక్కటి నిజం జెప్పు. గడ్డిల ఏం లోపం లేకుండె గద? మిషనే గద?"

"మిషనే బాపూ."

"నేనప్పుడే అనుకున్న." సంచి భుజానికెత్తుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. "సేఠ్‌కు జెప్పు మరి. దాన్ని ఇంకొగలకు అమ్మేటప్పుడు ముందే జెప్పి అమ్ముమను, కోత సమంగ రాదని. పాపం, ఆళ్లకు గూడ బర్రెలుంటె ఎట్ల?"